సూపర్‌హీరో సినిమాలంటే మనకు విసుగు ఎందుకు పుట్టింది?

పటమట_పాఠకుడు:

సంక్రాంతి సెలవులకు ఒంగోలు నుంచి మా మేనల్లుడు వచ్చాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వచ్చిన పూటే, "మామయ్యా, మార్వెల్ సినిమాలన్నీ మొదటి నుంచి చూడాలంటే ఏ వరుసలో చూడాలి?" అని అడిగాడు. మార్వెల్ అంటే ఒకదానితో ఒకటి ముడిపడి నడిచే అమెరికన్ సూపర్‌హీరో సినిమాల వరుస. నాకు తెలిసిన విషయం కదా అని ఉత్సాహంగా కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. 2008 నాటి ఐరన్ మ్యాన్ దగ్గర మొదలుపెట్టి 2019 నాటి అవెంజర్స్ ఎండ్‌గేమ్ దాకా ఇరవై రెండు పేర్లు తడుముకోకుండా రాసేశాను. అక్కడికి వచ్చేసరికి కలం ఆగింది. తరువాతి పేర్లు గుర్తు లేక కాదు. అవి కూడా చూడమని ఆ పిల్లవాడికి చెప్పడానికి మనసొప్పలేదు.

ఎండ్‌గేమ్ విడుదలైన 2019 ఏప్రిల్ 26న నేను కళాశాలకు సెలవు పెట్టి మరీ బెంజి సర్కిల్ దగ్గర ఉదయం ఆటకు వెళ్ళాను. లోపల చూస్తే ముందు వరుసలో మా విద్యార్థులే ఉన్నారు. ఒకరినొకరం చూసుకుని, చూడనట్టు నటించి కూర్చున్నాం. మూడు గంటల ఒక్క నిమిషం సినిమాలో ఎవరూ కదలలేదు. అదే నేను 2023 నవంబరులో అదే వరుసలోని ద మార్వెల్స్ అనే సినిమాకు వెళ్తే హాలులో పదకొండు మందిమి ఉన్నాం. ఆ సినిమా మరీ అంత చెడ్డదని కూడా అనలేను, గంటా నలభై అయిదు నిమిషాల్లో ముగిసిపోయింది. కానీ బయటికి వచ్చి బండి తీస్తున్నప్పుడు, నేను ఇష్టపడి వచ్చానా, మొదలుపెట్టాం కదా అని వచ్చానా అన్న అనుమానం కలిగింది.

నాలుగేళ్ళలో ఏం జరిగింది? సినిమాలు ఎక్కువైపోయాయా, బాగోలేకుండా పోయాయా, లేక మనకే వయసు వచ్చిందా? దయచేసి "అన్నీ కారణమే" అని మాత్రం అనకండి.

గుంటూరు_బాల్కనీ:

గుంటూరులో ఒక థియేటరులో పద్నాలుగేళ్ళుగా మేనేజరుగా పనిచేస్తున్నాను. విసుగు సంగతి నాకు డీసీఆర్ (రోజువారీ వసూళ్ళ లెక్క) కాగితం కంటే ముందు చీపుళ్ళు చెప్పాయి, అది ఎలాగో రాస్తాను.

మన తెలుగు సినిమాకు జనం ఆఖరి ఫైటు అయిపోగానే లేస్తారు. హీరో కుటుంబమంతా నిలబడి నవ్వే సన్నివేశం వచ్చేసరికి సగం మంది స్కూటర్ స్టాండులో ఉంటారు. ఈ ఇంగ్లీషు డబ్బింగు సినిమాలు మొదటిసారి మా పద్ధతిని తలకిందులు చేశాయి. సినిమా అయిపోయాక పేర్లన్నీ పైకి పోతుంటాయి, ఆ పేర్ల చివర రాబోయే సినిమాకు సంబంధించిన చిన్న ముక్క ఒకటి ఉంటుందని కుర్రాళ్ళంతా కదలకుండా కూర్చునేవారు. ఆటకూ ఆటకూ మధ్య మాకున్నదే పావుగంట. ఊడ్చే ఆడవాళ్ళు నలుగురూ చీపుళ్ళు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, "ఈ పేర్లన్నీ చదివి వీళ్ళేమైనా పరీక్ష రాస్తారా?" అని నన్ను తిట్టేవారు.

ఎండ్‌గేమ్‌కు మాత్రం చివర ఏ ముక్కా లేదు. పేర్లు అయిపోయాక చీకట్లో ఇనుము మీద సుత్తి కొట్టిన చప్పుడు వినిపించింది, అంతే. మొదటి సినిమాలో ఐరన్ మ్యాన్ గుహలో కూర్చుని కవచం చేసుకున్నప్పటి చప్పుడది. జనం కాసేపు అలాగే ఉండి, లైట్లు వేశాక మాట్లాడకుండా లేచారు. పెళ్ళివారు తాంబూలం ఇచ్చి సాగనంపినట్టుగా ఉంది.

ఆ తరువాత వచ్చినవాటికి కూర్చునేవారు క్రమంగా తగ్గారు. 2022 నాటికి హాలులో పది మంది మిగిలితే గొప్ప. ఒకనాడు సెకండ్ షోలో ఒక కుర్రవాడు కూర్చోబోతే పక్కవాడు చెయ్యి పట్టి లేపి, "రేపు యూట్యూబులో వస్తుందిలేరా" అన్నాడు. మా ఊడ్చేవాళ్ళకు ఇప్పుడు పని తేలికైంది. నాకే గుండె బరువెక్కింది.

ఎర్రకవచం:

నేను విజయవాడలో ఇంజినీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాను. పెద్దవాళ్ళందరూ కలిసి శవానికి నూనె దీపం పెట్టేలోపు రెండు మాటలు చెప్పనివ్వండి.

"విసుగు" అనే మాటే తప్పని నా అభిప్రాయం. 2021 డిసెంబరులో కోవిడ్ భయం పూర్తిగా పోకముందే స్పైడర్‌మ్యాన్ నో వే హోమ్ ప్రపంచమంతటా 190 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. 2023లో గార్డియన్స్ మూడో భాగం సుమారు 84 కోట్ల డాలర్లు, 2024లో డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్ 130 కోట్ల డాలర్లు దాటాయి. విసుగెత్తిన జనం ఇంత డబ్బు ఎందుకు ఇస్తారు? బాగున్న సినిమాను చూశారు, బాగోలేనిదాన్ని వదిలేశారు, ఇందులో కొత్త సిద్ధాంతం అవసరం లేదు.

ద మార్వెల్స్ ఉదాహరణ కూడా న్యాయమైనది కాదు. అమెరికాలో నటుల సమ్మె 2023 నవంబరు 9న ముగిసింది, ఆ మర్నాడే సినిమా విడుదలైంది. సమ్మె సాగినన్నాళ్ళూ నటీనటులు సినిమా గురించి ఇంటర్వ్యూలు ఇవ్వడానికి వీలు లేకుండా పోయింది. అంతకుముందు 2019 మధ్య నుంచి 2023 ఫిబ్రవరి దాకా చైనాలో ఒక్క మార్వెల్ సినిమా కూడా విడుదల కాలేదు. ఎండ్‌గేమ్‌కు ఒక్క చైనాలోనే 60 కోట్ల డాలర్లకు మించి వచ్చాయి. ఆ మార్కెట్టు మొత్తం పోయాక వసూళ్ళు తగ్గాయంటే దానికి నా విసుగో మీ విసుగో కారణం కాదు గదా.

గాంధీనగర్_బాక్సు:

తమ్ముడూ, లెక్కలు బాగా చెప్పావు. నేను గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో గుమాస్తాగా ముప్పై ఏళ్ళు చేశాను. రీళ్ళ పెట్టెలు బస్సు మీద వేసి తెనాలికీ, నరసరావుపేటకూ పంపిన చేతులివి. నువ్వు చెప్పిన హిట్లనే ఒకసారి విప్పి చూద్దాం.

నో వే హోమ్‌ను జనం ఎందుకు చూశారు? 2002లో మొదలైన స్పైడర్‌మ్యాన్, 2012లో మొదలైన స్పైడర్‌మ్యాన్, ఇప్పటివాడు, ముగ్గురూ ఒకే తెర మీద కనబడతారని చూశారు. ఇక డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్ సంగతి. 2017లో లోగన్ అనే సినిమాలో వుల్వరిన్ చనిపోయాడు, గౌరవంగా పూడ్చి సమాధి మీద గుర్తు పెట్టారు, ఆ కథ అక్కడితో పూర్తయింది. 2024 సినిమా మొదలవడమే ఆ సమాధిని తవ్వి, లోపలి ఎముకలు తీసి వాటితో యుద్ధం చేయడం. నేను కూడా నవ్వాను, కాదనను. కానీ అది కొత్త పంట కాదు. మా ఊళ్ళో దీన్ని విత్తనపు గింజలు వండుకు తినడం అంటారు. ఆ పూటకు అన్నం కమ్మగానే ఉంటుంది.

ఒక ధోరణి మొదలై, పండి, ముదిరి, పుచ్చిపోవడం మాకు కొత్త కాదు. విఠలాచార్య గారి జానపదాలు, కాంతారావు గారి కత్తి యుద్ధాలు ఒకప్పుడు ఏ ఊళ్ళో వేసినా నేల టిక్కెట్టు నిండేది. డెబ్భైలు వచ్చేసరికి ఆ ఊపు పోయింది. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర ఆడినప్పుడు ప్రతి నిర్మాతకూ తెల్ల చొక్కా, సుమోలు, సీమ యాస కావలసి వచ్చింది. కాపీకి కాపీ వచ్చేసరికి జనం సుమో గాలిలోకి లేవకముందే ఆవలించడం మొదలుపెట్టారు.

అయితే ఒక తేడా ఉంది, అసలు విషయం అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. ఫ్యాక్షన్ సినిమాల్లో ఒకటి చూడకపోయినా ఇంకొకటి అర్థమయ్యేది. జేమ్స్‌బాండ్ సినిమాలు 1962 నుంచి 2021 దాకా యాభై తొమ్మిదేళ్ళలో ఇరవై అయిదు వచ్చాయి, నేను వాటిలో ఏడో ఎనిమిదో చూశాను, నష్టమేమీ కలగలేదు. మార్వెల్ వాళ్ళు 2023 నాటికే పదిహేనేళ్ళలో ముప్పై మూడు తీశారు, పైగా ఒకటి వదిలితే తరువాతిది అర్థం కాదు. మూస ఒక్కటే అయితే జనం మన్నిస్తారు. మూసతోపాటు హాజరుపట్టీ కూడా పెడితే మన్నించరు.

బ్రాడీపేట_అమ్మ:

హాజరుపట్టీ అన్న మాట సరిగ్గా సరిపోయింది, నా అనుభవం రాస్తాను.

2022 మే నెలలో పిల్లలిద్దరినీ డాక్టర్ స్ట్రేంజ్ రెండో భాగానికి తీసుకువెళ్ళాను. మొదటి భాగం ఇంట్లో అందరం చూశాం కాబట్టి సిద్ధంగానే ఉన్నాం అనుకున్నాను. సినిమాలో వాండా అనే ఆవిడ తన ఇద్దరు కొడుకుల కోసం లోకాలన్నీ గాలిస్తూ, అడ్డం వచ్చినవాళ్ళను చంపుతూ ఉంటుంది. మా చిన్నవాడు నా చెవిలో, "అమ్మా, ఆ పిల్లలెవరు?" అని అడిగాడు. నాకు తెలియదు. అంతకుముందు నేను చూసిన ఏ సినిమాలోనూ ఆవిడకు పిల్లలు లేరు. వెనక సీటులోని కుర్రవాడు జాలిపడి, "ఆంటీ, అది హాట్‌స్టార్‌లో సీరియల్ ఉంది, తొమ్మిది ఎపిసోడ్లు, అది చూస్తే తెలుస్తుంది" అన్నాడు. ఒక తల్లి పిల్లల కోసం అంత ఏడుస్తుంటే, ఇద్దరు పిల్లల్ని పక్కన పెట్టుకుని కూర్చున్న నాకు ఒక్క కన్నీటి చుక్క రాలేదు. ఆవిడ దుఃఖం వేరే చోట జరిగిపోయింది, నాకు దాని ఫలితం మాత్రమే చూపించారు.

తరువాత లెక్క చూసుకుంటే 2021లో ఒక్క ఏడాదిలోనే నాలుగు సినిమాలు, అయిదు సీరియళ్ళు విడుదల చేశారట. పాఠకుడు గారు చెప్పిన ద మార్వెల్స్‌లో ముగ్గురు నాయికలు ఉన్నారు. ఒకరి కథ 2019 నాటి సినిమాలో, ఇంకొకరిది ఆ వాండా సీరియల్లో, మూడో అమ్మాయిది 2022 నాటి మరో సీరియల్లో ఉంది. మా అరండల్‌పేట ట్యూషన్లలో బ్రిడ్జి కోర్సు అని ఒకటి పెడతారు, ఇంటర్‌లో చేరకముందు చదివించి డబ్బు తీసుకుంటారు. సినిమాకు కూడా బ్రిడ్జి కోర్సు ఉంటే నలుగురికి వెయ్యి రూపాయలు పెట్టి ఎందుకు వెళ్ళాలో మీరే చెప్పండి.

ఎర్రకవచం:

అమ్మగారూ, మీ బాధ ఒప్పుకుంటాను. కానీ పౌరాణికాలు చూసేటప్పుడు మనకు మహాభారతం ముందే తెలిసి ఉండాలి కదా? ఘటోత్కచుడు ఎవరో తెలియనివాడు మాయాబజార్ చూస్తే ఏం అర్థమవుతుంది? అది సిలబస్ కాదా?

మాటల_మూట:

బాబూ, మంచి ప్రశ్న వేశావు. నేను తెనాలివాడిని, డబ్బింగు సినిమాలకు మాటలు రాసి బతుకుతున్నాను. దీనికి రెండు జవాబులు ఉన్నాయి.

మహాభారతం మనకు ఎవరూ అమ్మలేదు. అన్నం తినిపిస్తూ అమ్మమ్మ చెప్పింది, గుళ్ళో హరికథ చెప్పారు, తోలుబొమ్మలాట వాళ్ళు ఆడారు. కొన్ని వందల ఏళ్ళుగా ఊరంతటి దగ్గరా ఉమ్మడిగా ఉన్న ఆస్తి అది. అదీగాక 1957లో మాయాబజార్ తీసినవారు తెలిసిన కథ కదా అని పాత్రను పరిచయం చేయడం మానుకోలేదు. ఘటోత్కచుడిని చూసిన రెండు నిమిషాలకు అతని తిక్క, బలం, తల్లి మీద భక్తి అన్నీ పసిపిల్లవాడికి కూడా తెలిసిపోతాయి. తెలిసినవాడికి అదనపు రుచి ఉంటుంది, తెలియనివాడికి ఆకలి తీరుతుంది.

రెండో జవాబు మాటల గురించి. నా ముందు హెడ్‌ఫోన్లలో ఇంగ్లీషు డైలాగు వినిపిస్తుంది, తెర మీద పెదవులు కదులుతాయి, ఆ కదలికలోకి తెలుగు మాట ఇమడాలి. పాత సినిమాల్లో ఒక్కొక్కరికి ఒక్కో భాష పెట్టగలిగేవాళ్ళం. థోర్ అనే దేవుడు మాట్లాడితే పద్యనాటకం వాసన రావాలి, టోనీ స్టార్క్, అంటే ఐరన్ మ్యాన్ మాట్లాడితే డబ్బున్న పోకిరీ వెటకారం వినబడాలి, కెప్టెన్ అమెరికా మాట్లాడితే హెడ్మాస్టరు గుర్తుకు రావాలి. పోనుపోను అందరూ ఒకే రకం చమత్కారం ఆడటం మొదలుపెట్టారు. దేవుడు, శాస్త్రవేత్త, పదహారేళ్ళ పిల్ల, రకూన్ జంతువు, అందరిదీ అదే వెటకారం. పాత్ర పేరు చేత్తో మూసి డైలాగు మాత్రం చదివితే ఎవరిదో చెప్పడం కష్టమైంది. లోకం మునిగిపోయే సన్నివేశంలో పాత్రే జోకు వేస్తే, చూసేవాడు భయపడాలా నవ్వాలా తేల్చుకోలేక రెండూ మానేస్తాడు.

ఎండ్‌గేమ్ దాకా ప్రతినాయకుడైన థానోస్ ఎందుకు నిలిచాడో ఆలోచించండి. ఎండ్‌గేమ్ తెలుగులో ఆ పాత్రకు రానా గారు గొంతు ఇచ్చారు. ఆ పాత్ర జోకులు వేయదు. తనకు ఒక నమ్మకం ఉంది, దానికోసం కూతురిని కూడా చంపుకుంటాడు. అతని తరువాత ప్రతినాయకుడిగా కాంగ్ అనే పాత్రను పెంచాలనుకున్నారు, ఆ నటుడిని 2023 డిసెంబరులో తొలగించడంతో ఆ ఏర్పాటంతా మధ్యలో కూలిపోయింది. ఇంటికి దూలం లేకుండా ఇన్నేళ్ళు పెంకులు పేర్చారన్నమాట.

రోటో_కూలీ:

గుంటూరులో పుట్టి హైదరాబాదులో గ్రాఫిక్స్ పని చేస్తున్నాను. తెర వెనక సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే "గ్రాఫిక్స్ నాసిగా ఉన్నాయి" అని తిట్లు తినేది మేమే.

రోటో అంటే నటుడి చుట్టూ గీత గీసి అతన్ని వెనకున్న దృశ్యం నుంచి విడదీయడం. సెకనుకు 24 ఫ్రేములు, అయిదు సెకన్ల షాటు అంటే 120 ఫ్రేములు, ప్రతి ఫ్రేములో జుట్టు కదులుతుంది, వేళ్ళు కదులుతాయి. నేను పనిచేసిన ఒక చోట (సంస్థ పేరు చెప్పను, సినిమా పేరు కూడా చెప్పను) అలాంటి షాటుకు నాలుగు రోజులు కూర్చుని పని పూర్తి చేశాక, ఆ సన్నివేశంలో పాత్ర వేసుకున్న దుస్తులే మార్చారని కబురు వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి చేశాం. మూడోసారి ఆ షాటే తీసేశారు. కథ ఏమిటో షూటింగుకు ముందు తేల్చుకోకుండా, "తరువాత కంప్యూటరులో చూసుకుందాం" అనుకున్నప్పుడు జరిగేది ఇదే. ఏడాదికి మూడు సినిమాల విడుదల తేదీలు ముందే ప్రకటించి కూర్చుంటే, కథ తేదీ వెంట పరుగెత్తక ఏం చేస్తుంది?

అమెరికాలో మార్వెల్ స్టూడియోస్‌లోనే పనిచేసే విజువల్ ఎఫెక్ట్స్ ఉద్యోగులు 2023 సెప్టెంబరులో యూనియన్ కావాలని ఏకగ్రీవంగా ఓటు వేశారు. పనిభారం ఒక్కచోటే ఉన్నది కాదని దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఆఖరి యుద్ధాలన్నీ ఒకేలా కనిపించడానికి కూడా ఇదొక కారణం. బూడిదరంగు ఆకాశం, కూలే భవనం, ముఖం లేని శత్రుసైన్యం, ఇవన్నీ చివరి నిమిషంలో మార్చుకోవడానికి వీలైన సరుకు. నటుడి ముఖాన్ని మార్చలేరు, ఆకాశాన్ని మార్చగలరు. అందుకే ముఖాలు తగ్గి ఆకాశాలు పెరిగాయి.

కారంపూడి_వాడు:

ఇంతమంది రాసినవి చదివాక నా మాట కొంచెం వేరుగా ఉంటుంది. సిలబస్, జోకులు, గ్రాఫిక్స్ ఇవన్నీ నిజమే. వీటన్నిటికీ తల్లివేరు ఒకటుంది: ఈ కథలకు చావు లేదు.

మా ఊళ్ళో ప్రతి ఏటా కార్తీక అమావాస్యకు పల్నాటి వీరుల ఉత్సవం మొదలవుతుంది. మొన్న కార్తీకంలో కూడా జరిగింది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు నడుస్తుంది. పన్నెండో శతాబ్దంలో నాగులేటి ఒడ్డున జరిగిన యుద్ధం అది. బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, బాలచంద్రుడు, ఈ కథ తెలియని మనిషి మా చుట్టుపక్కల లేడు. మీరు చెప్పే లెక్క ప్రకారం అయితే మాకు ఎనిమిది వందల ఏళ్ళుగా విసుగు పుట్టి ఉండాలి. అయిదో రోజున కల్లిపాడు నాడు వీరుల ఆయుధాలు ఎత్తుకుని పూనకంతో ఊగేవాళ్ళను, వాళ్ళ వెనక గుమిగూడిన జనాన్ని ఒక్కసారి వచ్చి చూడండి. మా నాయనమ్మ బాలచంద్రుడు యుద్ధానికి బయలుదేరే ఘట్టం విన్న ప్రతిసారీ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆ పిల్లవాడు తిరిగి రాడని ఆవిడకు తెలుసు. తెలుసు కాబట్టే ఏడ్చేది.

ఇక్కడ చూడండి. 2018లో ఇన్ఫినిటీ వార్ చివర సగం లోకం బూడిదైపోయింది. స్పైడర్‌మ్యాన్ "నాకు వెళ్ళాలని లేదు" అని ఏడుస్తూ పొడి అయిపోతుంటే నరసరావుపేటలో నా పక్కన కూర్చున్న పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. దాని అన్న ఏం చెప్పాడో తెలుసా? "ఏడవకే, వచ్చే ఏడాది వాడి సినిమా ఉంది, డేటు కూడా ఇచ్చేశారు." ఆ పిల్ల వెంటనే ఏడుపు ఆపింది. నిర్మాతల ప్రకటనే కథను చంపేసింది. అదే సినిమాలో థానోస్ కూతురు గమోరా చనిపోయింది, మరుసటి సినిమాలో పాత కాలం నుంచి ఇంకో గమోరా వచ్చింది. థోర్ తమ్ముడు లోకీ చనిపోయాడు, 2012 నాటి ఇంకో లోకీ సీరియల్‌కు పనికొచ్చాడు. మల్టీవర్స్ పేరుతో ఎన్ని లోకాలైనా ఉంటే ఎవరు పోయినా ఇంకో కాపీ దొరుకుతుంది. అప్పుడు త్యాగానికి విలువ ఏముంది?

పునరావృతం వల్ల విసుగు రాదు. చందమామలో బేతాళ కథ దశాబ్దాల తరబడి నెలనెలా వచ్చింది, ప్రతి నెలా విక్రమార్కుడు అదే చెట్టు ఎక్కేవాడు. అయినా ఆ నెల కథ ఆ నెలలోనే ముగిసేది, చిక్కుప్రశ్నకు జవాబు ఆ పేజీలోనే దొరికేది. మా ఉత్సవం కూడా ఏటా అదే. కానీ కల్లిపాడుతో అయిపోతుంది, మళ్ళీ ఏడాది రాచగావుతో మొదలవుతుంది. బాల్కనీ గారు చెప్పిన సుత్తి చప్పుడు ఆ సినిమాల కల్లిపాడు. అప్పుడే లైట్లు ఆర్పి కొన్నాళ్ళు ఊరుకోవలసింది. మూడు నెలలు తిరగకుండా జూలైలో ఇంకో సినిమా వేశారు.

ఎర్రకవచం:

కారంపూడి అన్నయ్యా, నేను రెండు రోజులుగా మీకు ఏం జవాబు రాయాలా అని ఆలోచిస్తున్నాను. సగం ఒప్పుకుంటున్నాను.

ఒప్పుకోని సగం ఇది. ఈ పాత్రలు పుట్టిన కామిక్ పుస్తకాల్లోనే చావు ఎప్పుడూ శాశ్వతం కాదు, చచ్చి బతకడం ఆ సంప్రదాయంలో భాగం. అందుకని చావు ఒక్కటే కొలత అంటే నేను ఒప్పుకోను. విరామం లేకపోవడమే అసలు తప్పు అంటాను. 1987లో సూపర్‌మ్యాన్ నాలుగో భాగం ఘోరంగా పోయింది. ఆ తరువాత సూపర్‌మ్యాన్ మళ్ళీ వెండితెర మీదికి రావడానికి 2006 దాకా పట్టింది. 1997లో బ్యాట్‌మ్యాన్ సినిమా అభాసుపాలైతే ఎనిమిదేళ్ళు ఆగి 2005లో కొత్త దర్శకుడితో, కొత్త కథతో మొదలుపెట్టారు. అప్పుడు ఎవరూ విసుక్కోలేదు. పొలాన్ని ఒక కారు బీడు వదిలితే భూమికి బలం వస్తుందని మా తాతయ్య అంటారు.

మార్వెల్‌కు యజమాని అయిన డిస్నీ సంస్థకు అప్పటి పెద్ద బాబ్ ఐగర్ గారే ఎక్కువ తీయడం వల్ల దృష్టి చెదిరిందని ఒప్పుకుని, ఇకమీదట ఏడాదికి రెండు, మించితే మూడు సినిమాలే అని 2024లో ప్రకటించారు. ఆ ఏడాది మార్వెల్ వాళ్ళు తీసింది ఒకటే, అదే డెడ్‌పూల్. నేను చాలా ఆశపడ్డాను. కానీ నిజాయితీగా మిగతాది కూడా చెప్పాలి. 2025లో మూడు సినిమాలు వచ్చాయి. కెప్టెన్ అమెరికా సుమారు 41 కోట్ల డాలర్లు, థండర్‌బోల్ట్స్ 38 కోట్లు, ఫెంటాస్టిక్ ఫోర్ 52 కోట్లు. డెడ్‌పూల్ వసూళ్ళలో సగం కూడా ఏదీ అందుకోలేదు. వీటిలో థండర్‌బోల్ట్స్ నిజంగా మంచి సినిమా, ఫెంటాస్టిక్ ఫోర్‌కు పాత సినిమాలు ఒక్కటీ చూసి ఉండనక్కర లేదు. అంటే సిలబస్ తీసేసినా జనం రాలేదు. బ్రాడీపేట అమ్మగారూ, మీరు వెళ్ళారా?

బ్రాడీపేట_అమ్మ:

వెళ్ళలేదు బాబూ. ముందు చూడవలసినవి ఏమీ లేవని నాకు ఎవరు చెబుతారు? పోస్టరు మీద మార్వెల్ అని కనబడగానే మళ్ళీ ఎన్ని చూసి రావాలో అనుకుని పిల్లల్ని మార్వెల్ వాళ్ళది కాని సూపర్‌మ్యాన్‌కు తీసుకువెళ్ళాను. అందులో కుక్కను చూసి మా చిన్నవాడు సంతోషించాడు.

గాంధీనగర్_బాక్సు:

మా వ్యాపారంలో దీన్నే పేరు పోవడం అంటాం. ఒక బ్యానరు మీద నమ్మకం రావడానికి పది సినిమాలు కావాలి, పోవడానికి మూడు చాలు, పోయాక నాలుగోది బంగారంలా ఉన్నా మొదటి రోజు జనం రారు. రెండో వారం దాకా ఆడనిస్తే మాట పాకి వస్తారేమో, కానీ ఇప్పుడు రెండో వారం ఎవరు ఆడనిస్తున్నారు?

ఒక్క మాట మనవాళ్ళ గురించి కూడా చెప్పి ఊరుకుంటాను. 2015లో బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడో చెప్పకుండా పంపించారు, 2017లో జవాబు చెప్పి కథ ముగించారు. రెండేళ్ళు జనం ఆ ప్రశ్నను భుజాన వేసుకుని తిరిగారు, ఎవరికీ బరువనిపించలేదు. ఇప్పుడు 2024 సంక్రాంతికి హను-మాన్ వచ్చింది, బాగా ఆడింది, చివర "జై హనుమాన్ 2025" అని వేశారు. 2025 గడిచిపోయింది. 2024 జూన్‌లోనే కల్కి వచ్చింది, దాని కథ కూడా మధ్యలోనే ఆగి ఉంది. యూనివర్స్, అంటే ఒకదానికొకటి ముడిపడిన సినిమాల వరుస, అనే మాట ఇప్పుడు హైదరాబాదులో ప్రతి ఆఫీసులోనూ వినబడుతోందట. మొదటి సినిమా బాగా ఆడితే రెండోది తీయవచ్చు, తప్పు లేదు. మొదటిదాన్ని రెండోదానికి ట్రైలరుగా తీస్తే మాత్రం సుమోల గతే.

గుంటూరు_బాల్కనీ:

2026 డిసెంబరు 18న అవెంజర్స్ డూమ్స్‌డే అని తేదీ ఇచ్చారు. ఎండ్‌గేమ్‌లో చనిపోయిన ఐరన్ మ్యాన్ పాత్ర వేసిన రాబర్ట్ డౌనీ జూనియర్ గారే ఈసారి డాక్టర్ డూమ్ అనే విలన్‌గా వస్తున్నారు. మొదటి రోజు మా హాలు నిండుతుందని నాకు అనుమానం లేదు. గాంధీనగర్ గారి మాట ప్రకారం అది కూడా సమాధి తవ్వడమే. ఆయన ముఖం చూడగానే జనం ఈల వేస్తారు, నేనూ బాల్కనీ తలుపు దగ్గర నిలబడి చూస్తాను. నేను చూడదలుచుకున్నది మాత్రం సోమవారం మ్యాట్నీ.

పటమట_పాఠకుడు:

అందరికీ కృతజ్ఞతలు. "అన్నీ కారణమే" అనవద్దని నేనే అడిగి, చదువుతున్నంత సేపూ అందరితోనూ తల ఊపాను. అయినా చివరికి నేను కారంపూడి గారి పక్కనే కూర్చుంటాను. ఆ రోజు నా కలం ఎండ్‌గేమ్ దగ్గర ఎందుకు ఆగిందో నాకు ఆయన జవాబు చదివాకే తెలిసింది.

మేనల్లుడి సంగతి చెప్పి ముగిస్తాను. ఇరవై రెండు పేర్ల కాగితం వాడి చేతికి ఇచ్చాను. ఎన్ని గంటలవుతుందో వాడే లెక్క వేసుకున్నాడు, పగలూ రాత్రీ చూసినా రెండు రోజులు పడుతుందని తేలింది. కనుమ నాడు మధ్యాహ్నం గారెలు తిని ఐరన్ మ్యాన్ పెట్టుకున్నాడు. గుహలో పాత ఇనుప ముక్కలతో కవచం తయారుచేసే ఘట్టం రాగానే నన్ను కూడా పిలిచి కూర్చోబెట్టాడు. సాయంత్రం మేడ మీద గాలిపటం ఎగరేస్తాడని చూస్తే రాలేదు. రెండో సినిమా మొదలుపెట్టాడేమో అనుకుని కిందికి వెళ్ళి చూశాను. మళ్ళీ అదే ఐరన్ మ్యాన్, అదే గుహ.

ఎర్రకవచం:

సర్, రెండో ఐరన్ మ్యాన్ వాడికి అంత నచ్చకపోవచ్చు. కాగితంలో దాన్ని కొట్టేసి 2012 అవెంజర్స్‌కు వెళ్ళమనండి, పరవాలేదు, అర్థమవుతుంది.